మోత ఆగిన బండి

ఆ నెలంతా చలపతిని వేధించింది ఒక చప్పుడు.

చిన్న చప్పుడే. ఆశ్రమం వ్యాను ఘాట్ రోడ్డు దిగుతూ మలుపు దగ్గర బ్రేకు వేసినప్పుడల్లా ముందు చక్రంలోంచి కీచుమనేది. కాలు తీస్తే ఆగిపోయేది. మళ్ళీ మలుపు వచ్చేది, మళ్ళీ కీచు. ఆ కొండకు ముప్పై ఒక్క మలుపులున్నాయి.

వెనక సీట్లో పూర్ణాంబగారు జపం చేసుకుంటూ ఉంటారు. చలపతి బాధంతా అదే.

పూర్ణాంబగారికి డెబ్భై దగ్గర పడ్డాయి. కాఫీ తోటల మధ్య నాలుగు పెంకుటిళ్ళు, ఒక ధ్యానమందిరం, రెండు ఆవులు. ఆమె ఆశ్రమం అంటే అంతే. అందరూ ఆమెను అమ్మ అనే పిలుస్తారు. ప్రతి గురువారం కొండ దిగి, ఊళ్ళో ఆసుపత్రికి వెళ్ళి, నా అన్నవాళ్ళు లేని రోగుల పక్కన సాయంత్రం దాకా కూర్చుని వస్తారు. వాళ్ళకు ఏమీ బోధించరు. నీళ్ళు తాగిస్తారు, కాళ్ళు పడతారు, వాళ్ళు చెప్పింది వింటారు. కొండ దిగే నలభై నిమిషాలు మాత్రం ఆమెవి. కళ్ళు మూసుకుని మాల తిప్పుతూ ఉంటే బండిలో ఉన్నవాళ్ళు దగ్గు వచ్చినా ఆపుకుంటారు.

చలపతి ఆశ్రమానికి వచ్చి ఆరేళ్ళయింది. అంతకు ముందు పన్నెండేళ్ళు అదే ఘాట్ మీద జీపు తోలాడు. భార్య పోయాక మనసు నిలవక కొండెక్కాడు. ఇక్కడ ఒకాయన ఉపనిషత్తులు కంఠతా చెబుతాడు, ఒకామె కీర్తన అందుకుంటే వినేవాళ్ళ ఒళ్ళు పులకరిస్తుంది. చలపతికి మాత్రం ఆరేళ్ళ తరవాత కూడా శాంతిమంత్రం రెండో పాదం దగ్గర నాలుక తడబడుతుంది. వచ్చిందల్లా బండి పనే. అమ్మకు తాను చేయగలిగిన సేవ అదొక్కటేనని నమ్మాడు. ఆ నమ్మకంలో రవ్వంత గర్వం కూడా ఉండేది. ఎవరికి ఉండదు?

ఆశ్రమంలో ఒక నియమం ఉంది. ఏ వస్తువునైనా పూర్తిగా అరిగిపోయేదాకా వాడాలి. సబ్బు పలచబడి చేతిలో విరిగిపోతుంటే ఆ ముక్కను కొత్త సబ్బుకు అతికిస్తారు. తువ్వాలు చిరిగితే ఇల్లు తుడిచే గుడ్డ అవుతుంది, అదీ చిరిగితే దీపాలకు వత్తులవుతుంది. పెన్సిలు వేళ్ళకు అందనంత చిన్నదైతే వెదురుపుల్లలో గుచ్చి రాస్తారు. అమ్మ చెప్పులు ఎంత అరిగాయంటే, దారి రాళ్ళు కాలికి తెలుస్తాయని అంటారు. శిష్యుల్లో ఎవరి వస్తువు ఎక్కువ కాలం వచ్చిందన్న పోటీ కూడా లోలోపల నడుస్తూ ఉండేది. సన్యాసం తీసుకున్నంత మాత్రాన మనిషికి పోటీ తప్పుతుందా?

ఆ కీచు ఎందుకొస్తుందో చలపతికి బాగా తెలుసు. బ్రేకు ప్యాడ్ల పక్కన వంపు తిరిగిన చిన్న ఇనప రేకు ఒకటి ఉంటుంది. ప్యాడ్ మందంగా ఉన్నంత కాలం అది దేనికీ తగలదు. అరిగి అరిగి మూడు మిల్లీమీటర్లకు వచ్చేసరికి ఆ రేకు వెళ్ళి, చక్రంతో పాటు తిరిగే ఇనప డిస్కును గీకుతుంది. ఇక మార్చండిరా బాబూ అని మొత్తుకోవడానికే దాన్ని అక్కడ పెడతారు. జీపు తోలే రోజుల్లో అయితే చలపతి ఆ మోత విన్న రోజే మార్చేసేవాడు, బండెక్కినవాళ్ళు ఇంటికి చేరాలి గనక. ఆశ్రమంలో చేరాక ఆయన ఎదిగాడు మరి. ఇంకా మూడు మిల్లీమీటర్లు ఉంది కదా అనిపించింది. సబ్బు ముక్కకే అంత మర్యాద ఇచ్చే చోట, మూడు మిల్లీమీటర్ల బ్రేకు పారేస్తామా?

అయితే మోత ఉంటే అమ్మ జపం సాగదు. మోత పోవాలి, ప్యాడ్లూ ఉండాలి.

ఒక బుధవారం మధ్యాహ్నం చక్రాలు విప్పి, ప్యాడ్లు బయటికి తీసి, కటింగ్ ప్లయర్‌తో ఆ రేకుల్ని విరిచేశాడు. గోరంత ముక్కలు. ప్యాడ్లను మళ్ళీ యథాస్థానంలో బిగించాడు. చేతులు కడుక్కుంటుంటే మనసు తేలికపడింది.

మర్నాడు ముప్పై ఒక్క మలుపుల్లో ఒక్క చోట కూడా బండి కిక్కురుమనలేదు. తోటల్లోంచి పిట్టల కూతలు వినిపించాయి. కొండ దిగాక అమ్మ కళ్ళు తెరిచారు.

"చలపతీ, ఇవాళ బండి మాట్లాడలేదేం?"

"చూసుకున్నానమ్మా."

అమ్మ అద్దంలో ఆయన వంక ఒక క్షణం చూశారు. "మంచిది" అన్నారు.

ఆ ఒక్క మాటను చలపతి ప్రసాదంలా దాచుకున్నాడు. తాను అబద్ధం చెప్పలేదు. నిజంగానే చూసుకున్నాడు. ఏం చూసుకున్నాడని ఆమె అడగలేదు, ఈయన చెప్పలేదు.

నాలుగు గురువారాలు గడిచాయి. నాలుగో వారం బానెట్ ఎత్తి చూస్తే బ్రేకు ఆయిలు డబ్బా మీది గీత కంటే కిందికి దిగి ఉంది. ప్యాడ్లు అరిగేకొద్దీ అది దిగుతుందని ఆయనకు తెలుసు. పైన కొంచెం పోసి మూత బిగించాడు. తరవాత సోమవారం బండిని షెడ్డులోంచి బయటికి తీస్తుంటే చక్రం లోపల కర్రుమని ఇనుము ఇనుమును గీరిన చప్పుడైంది. ఇది పాత కీచు కాదు. వంగి చూశాడు. ప్యాడ్ అన్నది పేరుకు మాత్రం మిగిలి ఉంది. డిస్కు మీద నాగలి చాళ్ళలా గీతలు పడ్డాయి.

కానీ మనిషి మనసు ఎంత గడుసుదో చూడండి. గురువారం ఎలాగూ ఊళ్ళోకి వెళ్తాం, ఈ ఒక్కసారికి నెమ్మదిగా దించుకుంటే, అక్కడే కొత్తవి వేయించేయొచ్చు అనుకున్నాడు. అమ్మకు చెప్పాలంటే మొదటి నుంచీ చెప్పాలి. ఆ "మంచిది" తిరిగి ఇచ్చేయాలి. అది చేతకాలేదు.

మంగళవారం పొద్దున వాన వెలిసింది. పై గూడెం నుంచి నలుగురు మనుషులు ఒక డోలీ మోసుకుంటూ ఆశ్రమం వాకిట్లోకి వచ్చారు. పొడవాటి కర్రకు దుప్పటి ఉయ్యాలలా కట్టారు, అందులో చిలకమ్మ ఉంది. నిండు చూలాలు. మొగుడు బొంజుబాబు ముందు నడుస్తున్నాడు, అత్త రాజులమ్మ వెనక.

"అమ్మా, దీనికి తెల్లారగట్ట నుంచి నొప్పులొస్తన్నాయి" అన్నాడు బొంజుబాబు, రొప్పుతూ. "ఫోను సేసినాం. అంబులెన్సు అవతలి కొండకెళ్ళిందంట, రెండు గంటలు పడతాదంట. మొదటి బిడ్డ ఇలాగే ఇంటికాడే పోయిందమ్మా. బండి ఇప్పించండి."

"ఇప్పించడమేమిటి నాయనా, నేనూ వస్తాను" అంటూ అమ్మ అప్పటికే మెట్లు దిగుతున్నారు.

అంతా క్షణాల్లో జరిగిపోయింది. చిలకమ్మను వెనక సీట్లో పడుకోబెట్టి తల అత్త ఒళ్ళో పెట్టారు. బొంజుబాబు ముందు ఎక్కాడు. అమ్మ చిలకమ్మ కాళ్ళ దగ్గర సర్దుకుని కూర్చుని, ఆ పిల్ల పాదం మీద ఒక చెయ్యి వేసి, మరో చేత్తో మాల అందుకుని కళ్ళు మూసుకున్నారు.

"పద చలపతీ."

చలపతి తాళం పెట్టాడు. బ్రేకు మీద కాలు వేశాడు. అద్దంలో చూశాడు. చిలకమ్మ నుదుటి మీద చెమట. ఆ పక్కన అమ్మ ముఖం, ఏ దిగులూ లేకుండా, మూసిన కళ్ళతో.

మొదటి గేరులో పాకించుకుంటూ పోతే దిగినా దిగొచ్చు. ఏడో మలుపు దాకా ఫరవాలేదు. ఏడో మలుపు తరవాత రోడ్డు ఒక్కసారిగా కిందికి జారుతుంది, పక్కన గోడ లేదు, వాన నీళ్ళు ఇంకా పారుతూ ఉంటాయి. దిగినా దిగొచ్చు. తాళం తిప్పాల్సిన చెయ్యి తిరగలేదు. తాళం బయటికి లాగేసి కిందికి దిగి వెనక తలుపు తీశాడు.

"అమ్మా, దిగండి."

అమ్మ కళ్ళు తెరిచారు.

"బ్రేకులు లేవమ్మా. అరిగిపోయాయి. నిన్నటి నుంచీ నాకు తెలుసు. అంతకు ముందు నుంచీ తెలుసు."

ముందు సీట్లోంచి బొంజుబాబు వెనక్కి తిరిగాడు. కోపం కూడా కాదు, నమ్మలేనట్టు చూశాడు. "తెలిసే ఎక్కించుకున్నావేటి బాబూ, నా ఆడదాన్ని?"

చలపతికి భూమిలోకి కుంగిపోతే బాగుండుననిపించింది. అమ్మ తిడతారని చూశాడు. అమ్మ ఆయన వైపే చూడలేదు.

"డోలీ విప్పేశారా?" అని అడిగారు వాకిట్లో ఉన్నవాళ్ళని.

"లేదమ్మా."

"అయితే ఎత్తండి. అడ్డదారిన పోదాం."

తోటల్లోంచి దిగే కాలిబాట ఒకటుంది. గంటకు పైగా నడిస్తే కొండ కింద ఆరోగ్య కేంద్రం వస్తుంది. చలపతి ఎవరినీ అడక్కుండా వెళ్ళి, డోలీ మోసినవాళ్ళలో బాగా అలిసిపోయిన ముసలాయన్ని పక్కకు తప్పించి కర్ర కింద భుజం పెట్టాడు. ఎవరూ వద్దనలేదు. అమ్మను మాత్రం రావద్దన్నారు. ఆమె వినలేదు. ఒక చేతిలో ఊతకర్ర, మరో చేతిలో మాలతో డోలీ వెనకే బయలుదేరారు.

తడిసిన ఆకులు కాళ్ళ కింద జారుతున్నాయి. చలపతి ముందు వరసలో ఉన్నాడు. కర్ర భుజం ఎముక మీద ఒరుసుకుంటోంది. ఒరుసుకోనీ అనుకున్నాడు. డోలీలోంచి ఏ చప్పుడూ లేదు.

"నొప్పులు ఒక్కలేశం తగ్గినట్టున్నాయి" అన్నాడు పక్కనున్న మనిషి.

చలపతికి ప్రాణం లేచొచ్చింది. దేవుడు తనను కాచాడనుకున్నాడు. ఇంకాస్త వడివడిగా అడుగు వేశాడు. అందరూ వేశారు. అరగంట పాటు మనుషుల ఊపిరి, ఆకుల మీంచి రాలే నీటి చుక్కలు తప్ప ఏమీ వినపడలేదు.

"ఆపండి" అన్నారు అమ్మ.

ఆగారు. భుజాల మీద కర్ర అలాగే ఉంది. అమ్మ డోలీ పక్కకు వచ్చి దుప్పటి అంచు తొలగించారు. చలపతి మెడ తిప్పి చూశాడు.

చిలకమ్మ నోటి నిండా చీర కొంగు కుక్కి ఉంది. పళ్ళ కింద గుడ్డ చిరిగి రక్తం అంటింది. కళ్ళు పైకి తేలిపోతున్నాయి. పిడికిళ్ళు రెండూ దుప్పటిని పట్టుకుని తెల్లబడిపోయాయి.

"ఎవరు పెట్టారమ్మా ఇది?" అమ్మ గొంతు చాలా నెమ్మదిగా ఉంది.

"నేనేనమ్మా" అంది రాజులమ్మ. ఆమె గొంతులో తప్పు చేశానన్న బెదురు లేదు, మంచి పని చేశానన్న వినయం ఉంది. "బండెక్కినప్పుడు తమరు జపంలోకెళ్ళినారు కదా. నడిసొచ్చినప్పుడూ మాల తిప్పుతానే ఉన్నారు. ఇది గోల సేత్తే తమకి అడ్డొస్తాదని. డోలీ ఎత్తినప్పుడే నోరెత్తకే అని నేనే కుక్కినాను."

అమ్మ చేతిలో మాల ఆగిపోయింది. దాన్ని రాజులమ్మ చేతుల్లో పెట్టేశారు. వంగి, తన వేళ్ళతో ఆ గుడ్డను కొంచెం కొంచెంగా బయటికి లాగారు. నెత్తుటి పెదాలు తన కొంగుతో తుడిచారు.

"అరువమ్మా" అన్నారు. "గట్టిగా అరువు, తల్లీ. నువ్వు అరవకపోతే, ఎక్కడ ఆగాలో మాకెలా తెలుస్తుంది?"

చిలకమ్మ ఒక్క క్షణం అమ్మ ముఖంలోకి చూసింది. తరవాత అరిచింది. ఆ అరుపుకు తోటలో పిట్టలన్నీ లేచిపోయాయి.

చలపతి మళ్ళీ ముందుకు తిరిగి నిలబడ్డాడు. కళ్ళు తుడుచుకుందామంటే రెండు చేతులూ కర్ర మీదే ఉన్నాయి.

"దించండి!" అని కేకేసింది రాజులమ్మ. ఆ అరుపు విన్నాక ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. "దించండి దించండి, ఇంక నడవకండి. టయిమైపోయింది."

దారి పక్కన సిల్వర్ ఓక్ చెట్ల కింద చదునైన చోటు చూసి డోలీ దించారు. మగవాళ్ళు అటు తిరిగి నిలబడ్డారు. అమ్మ చిలకమ్మ తలను ఒళ్ళో పెట్టుకున్నారు. అరుపు మీద అరుపు. చలపతి ఒక్కోటీ విన్నాడు. చెవులు మూసుకోలేదు. చివరికి ఒక సన్నని కొత్త గొంతు వినబడింది. బొంజుబాబు నేల మీద చతికిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఆడపిల్ల. తల్లీ బిడ్డల్ని అదే డోలీలో కిందికి దించారు. ఆరోగ్య కేంద్రంలో నర్సు బిడ్డను చూసింది, బొడ్డు చూసింది, మెడ చుట్టూ కమిలిన గీత చూసింది. "పేగు మెడకు చుట్టుకుని ఉందా?" అని అడిగింది. అవునంది రాజులమ్మ, తానే విడదీశానంది. "డోలీలో ఊగుతూ ఉండగా అయ్యుంటే దక్కేది కాదు. సమయానికి దించారు" అని నర్సు తన పని తాను చూసుకుంది.

ఆ సాయంత్రం అమ్మను ఎవరి జీపులోనో ఎక్కించి, చలపతి ఊళ్ళోకి వెళ్ళి కొత్త ప్యాడ్లు, డిస్కులు కొన్నాడు. బస్సులో కొండెక్కాడు. దారి పొడవునా ఆ పొట్లాన్ని ఒళ్ళోనే పెట్టుకున్నాడు. ఆశ్రమానికి చేరాక బట్టలు రెండు జతలు సంచీలో సర్దుకున్నాడు.

మర్నాడు తెల్లవారాక బండిని జాకీ మీద ఎత్తి చక్రాలు విప్పుతుంటే అమ్మ వచ్చి పక్కనున్న రాతి మీద కూర్చున్నారు. గోడకు ఆనించిన సంచీ వైపు చూశారు. పాత ప్యాడ్ ఇమ్మని చెయ్యి చాపారు. దాని మీద బొటనవేలు నెమ్మదిగా రాశారు. చేతికి ఇనుము తప్ప ఏమీ తగల్లేదు. కొత్తది కూడా అడిగి తీసుకున్నారు.

"దీని పక్కన ఈ కొక్కెం ఏమిటి?"

"అదే అరుస్తుందమ్మా. మందం తగ్గినప్పుడు డిస్కును గీకి కీచుమంటుంది. మార్చమని."

అమ్మ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూశారు. "పాతదానికి లేదే?"

చలపతి చేతిలోని పానా కింద పెట్టాడు. "ఉండేదమ్మా. నేనే విరిచేశాను. మీ జపానికి అడ్డు రాకూడదని." కాసేపటికి మళ్ళీ అన్నాడు, "ఏ వస్తువైనా పూర్తిగా అరిగేదాకా వాడాలన్నారు కదా అని కూడా. ఇవి బిగించేసి వెళ్ళిపోతానమ్మా. మీ బండి ఎవరైనా మంచివాడు తోలాలి."

అమ్మ కొత్త ప్యాడ్ మీది ఆ చిన్న రేకును వేలి కొసతో తాకుతూ కూర్చున్నారు. ముందు రోజు నడకకు ఆమె పాదాలు వాచి ఉన్నాయి.

"ఆ మోత ఆగిన రోజు నాకు ఎంతో హాయిగా ఉంది, చలపతీ" అన్నారు చివరికి. "అందుకే, ఎందుకాగిందని అడగలేదు."

చలపతి తల ఎత్తి చూశాడు. ఆరేళ్ళలో ఎన్నడూ చూడనిది, ఆమె కళ్ళలో నీళ్ళున్నాయి.

అమ్మ కొత్త ప్యాడ్‌ను ఆయన చేతిలో పెట్టి, రాతి మీంచి లేచారు.

"బిగించు. రేపటి నుంచి నేను ముందు సీట్లో కూర్చుంటాను."